ఒక సీసాడు చెరువు నీళ్ళు

“బాబాయిగారూ, నేను సైన్సు మానేసి ఆర్ట్సులోకి మారిపోదామనుకుంటున్నాను.”

కిందటి జనవరిలో ఒక ఆదివారం ఉదయం ఖరగ్‌పూర్‌లో మా పక్కవాటాలోని అమ్మాయి గడపలో నిలబడి ఈ మాట అన్నది. పదకొండవ తరగతి చదువుతున్నది. చేతిలో రెండు నోటుపుస్తకాలు ఉన్నాయి. ఒకదాని అట్టమీద జీవశాస్త్రం, రెండవదాని మీద రసాయనశాస్త్రం అని రాసి ఉన్నది. పరీక్షలకు ఇంకా ఆరు వారాలే గడువు.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకొని, ఇరవై యేళ్ళుగా అనువాదాలు చేసుకొని బతుకుతున్న నాకు ఆ మాట కొంచెం గుచ్చుకున్నది. సైన్సు చేతకాని వారికి ఆర్ట్సు ఆశ్రయమన్న భావం అందులో ఉన్నది. అయినా కోపగించుకోలేదు. కారణమేమిటని అడిగాను.

పుస్తకం తెరిచి చూపించింది. ఒక పేజీలో అకశేరుకాల వర్గాలు వరుసగా ఉన్నాయి: పోరిఫెరా, సీలెంటరేటా, ప్లాటీహెల్మింథిస్, అనెలిడా, ఆర్థ్రోపోడా, మొలస్కా, ఇఖైనోడర్మేటా. రెండవ పుస్తకంలో ఆమ్లాలు, క్షారాలు, లవణాలు, అణుభారాలు. “రాత్రి చదివినది తెల్లవారేసరికి మరిచిపోతున్నాను. ఇవన్నీ ఎందుకో, ఎక్కడున్నాయో తెలియదు. రెండింటికీ సంబంధమూ లేదు” అన్నది.

నాకు సైన్సు రాదు. కాని మాటలతో బతికేవాణ్ణి గనుక ఒక్క సంగతి తెలుసు. వస్తువును చూడని వాడికి దాని పేరు నిలవదు. అందుచేత నోటుపుస్తకాలు మూసి పెట్టమన్నాను. ఒక ఖాళీ హార్లిక్స్ సీసా చేతికిచ్చి, వీధి చివరి చెరువు నుంచి నీళ్ళు, కాస్త నాచు, అడుగున ఉన్న బురద ఒక పిడికెడు తెమ్మన్నాను.

ఆ సీసా ఆరు వారాలపాటు మా కిటికీ గట్టుమీద ఉన్నది. అది నేర్పిన పాఠమే ఈ వ్యాసం.

ఆవిరి ఇంజన్ల ఊరు

ఖరగ్‌పూర్ రైళ్ళు కట్టిన ఊరు. బెంగాల్–నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ, ఆ తరువాత పెద్ద వర్కుషాపూ నిర్మించినప్పుడు పనికోసం నలుదిక్కుల నుంచి జనం వచ్చారు. హౌరా నుంచి వాల్తేరుకు పోయే దారి మీద ఉన్న ఊరు కావడంతో ఉత్తరాంధ్ర జిల్లాల వారు వేలమంది వచ్చి స్థిరపడ్డారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1920ల దశకంలో ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన నాయకుడే. 1072 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫారం చిరకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. ఊరికి ఒక అంచున, ఒకనాటి హిజ్లీ నిర్బంధ శిబిరంలో, 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. వెలసింది.

ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, రైల్వే కాలనీలో హిందీ మాట్లాడి, బడిలో ఇంగ్లీషు చదువుతారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు రాష్ట్ర అధికార భాషలలో స్థానం కల్పించాలని నిర్ణయించినప్పుడు ఈ ఊరిలో సంబరపడని తెలుగు ఇల్లు లేదు. కాని నాలుగు భాషలు తెలిసిన పిల్లకు కూడా ‘ప్లాటీహెల్మింథిస్’ అయిదవ భాషే. ఆ భాషను తేలిక చేయడం మాత్రం నా చేతిలో ఉన్న పని.

అమ్మాయి తాతగారు వర్కుషాపులో పనిచేసి రిటైరయ్యారు. 1960లలో కుర్రవాడిగా చేరినప్పుడు ఆయనకు ఒప్పజెప్పిన మొదటి పని ఆవిరి ఇంజను బాయిలరు గొట్టాలకు పట్టిన పెచ్చులు గీకడం. మా పాఠంలో ఆయన పాత్ర ఎంత పెద్దదో అప్పటికి మాకు తెలియదు.

పేర్లు చెప్పే అబద్ధాలు

సీసాలోని బురద దిగి నీరు తేటపడేసరికి మధ్యాహ్నమైంది. భూతద్దం పెట్టి చూశాము. బెంగాలీలు ‘గుగ్లి’ అని పిలిచి కూర వండుకునే చిన్న నత్తలు నాలుగు గాజును పట్టుకొని మెల్లగా పాకుతున్నాయి. చుక్కలంత నీటి ఈగలు ఎగిరెగిరి పడుతున్నాయి. అడుగున బురదలో ఎర్రని దారపు ముక్కల వంటివి మెలికలు తిరుగుతున్నాయి. నాచు కొమ్మకు వేలాడుతూ, సూదిమొన పొడవున, అయిదారు పోగులు చాచిన లేత జీవి ఒకటి కనబడింది.

“హైడ్రా!” అన్నది అమ్మాయి. బొమ్మలో తప్ప దానిని చూడటం ఆమెకు అదే మొదటిసారి.

ఇక నా వంతు వచ్చింది. ఆ పేర్లన్నీ గ్రీకు, లాటిన్ మాటలు. విడదీస్తే పసిపిల్లల మాటలంత సులువు. పోరిఫెరా అంటే రంధ్రాలు మోసేది, అంటే స్పంజిక. సీలెంటరేటా అంటే లోపల బోలుగా ఉన్న పేగు గలది. హైడ్రా ఆ వర్గానిదే. ప్లాటీహెల్మింథిస్ అంటే బల్లపరుపు పురుగు. అనెలిడా అంటే చిన్న ఉంగరాల వరుస. జలగనూ వానపామునూ చూస్తే ఆ ఉంగరాలు కనిపిస్తాయి. ఆర్థ్రోపోడా అంటే కీళ్ళకాళ్ళది. రొయ్య, పీత, దోమ అన్నీ ఇవే. మొలస్కా అంటే మెత్తనిది. నత్తకు గుల్ల తీసేస్తే మిగిలేది మెత్తదనమే. ఇఖైనోడర్మేటా అంటే ముళ్ళచర్మం గలది.

హైడ్రా పేరుకు ఒక కథ కూడా ఉన్నది. గ్రీకు పురాణంలో హైడ్రా అనేక శిరస్సుల సర్పం. ఒక తల నరికితే రెండు మొలిచేవట. జెనీవాలో పుట్టి, హాలండులో ఒక ప్రభువు పిల్లలకు చదువు చెబుతుండిన అబ్రహాం ట్రెంబ్లీ 1740 ప్రాంతంలో చెరువు నీటిలో ఈ జీవిని చూసి, ఇది మొక్కా జంతువా అన్న సందేహం తీర్చుకోవడానికి రెండుగా కోశాడు. రెండు ముక్కలూ రెండు నిండు ప్రాణులైనాయి! 1744లో ఆయన ఆ ప్రయోగాలను గ్రంథంగా ప్రచురించాడు. ఒక సాహిత్య విద్యార్థి పురాణం చెప్పినందుకు ఒక సైన్సు విద్యార్థినికి ‘పునరుత్పత్తి’ అన్న పాఠం జన్మలో మరిచిపోలేనిదైంది.

అయితే పేర్లు అబద్ధాలు కూడా చెబుతాయి. నక్షత్ర చేప చేప కాదు, ముళ్ళచర్మపు జీవి. జెల్లీ చేప కూడా చేప కాదు, హైడ్రాకు చుట్టం. కాళ్ళు లెక్కించి, గుల్ల తడిమి, లోపలి నిర్మాణం చూసి తేల్చుకోవలసిందే తప్ప పేరును నమ్మరాదు. ఈ హెచ్చరిక నాకే ఎదురు తిరుగుతుందని అప్పుడు నాకు తెలియలేదు.

గుల్ల, పెచ్చు, సున్నం

చెరువుగట్టున దొరికిన ఖాళీ నత్తగుల్లను ఒక పింగాణీ పళ్ళెంలో పెట్టి, దానిమీద నిమ్మరసం పిండాము. గుల్ల మీద సన్నని బుడగలు లేచాయి. చెవి దగ్గర పెట్టుకుంటే చిరుచిరు సవ్వడి.

అప్పుడే అటు వచ్చిన తాతగారు పళ్ళెంలోకి తొంగి చూశారు. “ఇదా బాబూ! మేము బాయిలరులోంచి గీకిన పెచ్చు మీద యాసిడ్ చుక్క వేసినా ఇలాగే పొంగేది” అన్నారు.

ఆ ఒక్క మాటతో రెండు నోటుపుస్తకాల మధ్య గోడ పడిపోయింది. నత్తగుల్లలో ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేటు. బాయిలరు గొట్టానికి పట్టే పెచ్చులో ముఖ్యమైన పదార్థం కూడా తరచుగా అదే. సుద్ద, పాలరాయి, కోడిగుడ్డు పెంకు అన్నీ ప్రధానంగా అదే. దానిమీద ఆమ్లం పడితే లవణమూ, నీరూ, కార్బన్ డయాక్సైడు వాయువూ ఏర్పడతాయి. బుడగలలో ఉన్నది ఆ వాయువే.

పెచ్చు ఎలా పడుతుంది? వాన నీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాతి నేలలలో ప్రవహిస్తూ రాతిని కరిగించి, కాల్షియం బైకార్బొనేటుగా తనలో దాచుకుంటుంది. దానినే మనం కఠినజలం అంటాము. అటువంటి నీటిని మరిగిస్తే వాయువు వెళ్ళిపోయి, దాచుకున్న కాల్షియం కార్బొనేటు గొట్టం గోడకు అంటుకుంటుంది. పెచ్చు వేడిని సరిగా పోనివ్వదు. బొగ్గు ఎక్కువ ఖర్చవుతుంది, గొట్టం మితిమీరి కాలి దెబ్బతింటుంది. ఎక్కడెక్కడి నీళ్ళో పోసుకొని వచ్చిన ఇంజన్లకు అందుకే ఆ బాధ. నీటిని ముందుగా చాకలిసోడాతో శుద్ధి చేస్తే కాల్షియం బాయిలరు చేరకముందే విరిగి అడుగున పడుతుంది.

మరి నత్త? అది మరిగించదు, బొగ్గు మండించదు. నీటి నుంచీ, తినే నాచు నుంచీ కాల్షియం తీసుకొని, దేహాన్ని కప్పిన ప్రావారమనే పల్చని పొర ద్వారా కాల్షియం కార్బొనేటును పొరలు పొరలుగా పేర్చుకుంటుంది. బాయిలరుకు రోగమైన పదార్థం నత్తకు ఇల్లు.

తాతగారు అంతటితో ఆగలేదు. తమ ఊళ్ళో గుల్లలను బట్టీలో కాల్చి గుల్లసున్నం చేసేవారనీ, గోడలకు వేసినా తాంబూలంలో వేసినా అదేననీ చెప్పారు. అమ్మాయి వెంటనే రసాయనశాస్త్రం నోటుపుస్తకం తెరిచింది. కాల్షియం పరమాణుభారం 40, కార్బన్‌ది 12, ఆక్సిజన్‌వి మూడు పదహారులు 48. మొత్తం 100. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటు 100 గ్రాములను పూర్తిగా కాల్చితే 56 గ్రాముల పొడిసున్నం మిగిలి, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. ఆ పొడిసున్నంపై నీళ్ళు పోస్తే 18 గ్రాముల నీటిని పట్టుకొని, కుతకుత ఉడికి, 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. గోడకు పూసిన తరువాత అది గాలిలోని 44 గ్రాముల వాయువును నెమ్మదిగా తిరిగి పుచ్చుకొని, తన 18 గ్రాముల నీటిని వదిలి, మళ్ళీ 100 గ్రాముల కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది.

లెక్క సరిగ్గా మొదలైన చోటికే వచ్చింది. “అయితే ఏదీ పోలేదు!” అన్నది అమ్మాయి. ద్రవ్యనిత్యత్వ నియమం అంటే అదే. అంతవరకు అది ఆమె పుస్తకంలో ఒక వాక్యం. ఇప్పుడు తాతగారి ఊరి గోడ.

పారాణి చెప్పే రహస్యం

ఆమ్లమేదో క్షారమేదో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో లిట్మస్ కాగితం వాడతారు. తెలుగువారి ఇంట్లో అంతకన్న పాత సాధనం ఒకటి ఉన్నది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవే. పసుపులోని కర్కుమిన్ అనే రంజకం క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. అందులో నిమ్మరసం పిండితే తిరిగి పసుపుపచ్చ అవుతుంది. అమ్మాయి వాళ్ళ అమ్మగారు వంటింటిలోంచి వచ్చి, “ఇందులో సైన్సేముంది? మాకు ఎప్పటినుంచో తెలిసిందే గదా” అన్నారు. ఆ మాట నిజమే. తెలిసినదానికి కారణం వెదకడమే సైన్సు.

ఆమ్లగుణాన్ని అంకెలలో కొలిచే ‘పి.హెచ్.’ కొలమానాన్ని 1909లో డెన్మార్కులో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు. 7 తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, మించితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పదింతల తేడా. ఈ చివరి సంగతిని పిల్లలు తరచుగా మరిచిపోతారు.

మా చెరువు నత్తలలో రెండింటికి గుల్ల కొస అరిగిపోయి తెల్లగా పాలిపోయి ఉన్నది. ఎందుకని అమ్మాయి అడిగింది. జవాబు కాళ్ళకింద ఉన్నది. మేదినీపూర్ పశ్చిమ భాగమంతా లేటరైట్ నేల. ‘లేటర్’ అంటే లాటిన్‌లో ఇటుక. 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ మలబారు ప్రాంతపు ఎర్రరాతిని చూసి ఆ పేరు పెట్టాడు. వేలాది ఏళ్ళ వానలకు ఇటువంటి నేలలోని సున్నం కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగులుతాయి. ఎరుపు ఆ ఇనుముదే. ఇట్టి నేలలు సాధారణంగా ఆమ్లగుణం గలవి. నీటిలో సున్నం తక్కువై, ఆమ్లం ఎక్కువైతే నత్తగుల్లలో అన్నిటికంటె పాతదైన కొస భాగం మెల్లగా కరిగిపోతుంది. మా పళ్ళెంలో నిమ్మరసం క్షణాలలో చేసిన పనిని చెరువు సంవత్సరాలలో చేస్తుంది. చేపల చెరువులలో రైతులు సున్నం చల్లడం ఎందుకో కూడా ఇప్పుడు తెలుస్తుంది.

ఇదే కథ సముద్రంలో మరింత పెద్దగా నడుస్తున్నది. బొగ్గు, చమురు మండించి మనం గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడులో కొంత సముద్రం పీల్చుకున్నది. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2 ఉండిన సముద్రపు పైనీటి పి.హెచ్. ఇప్పుడు సుమారు 8.1. తేడా చిన్నదే అనిపిస్తుంది. కాని పదింతల లెక్కన చూస్తే హైడ్రోజన్ అయాన్లు నాలుగవ వంతుకు పైగా పెరిగినట్లు. గుల్ల కట్టుకునే ప్రతి జీవికీ అది భారమే.

ఎర్రని రక్తం, నీలి రక్తం

నాలుగవ రోజున నత్తలన్నీ నీటి పైకి చేరాయి. అమ్మాయి భయపడింది. సీసాలో కుళ్ళిన నాచు ఆక్సిజన్‌ను తినివేసిందన్నమాట. సగం నీళ్ళు మార్చాము. అవి మళ్ళీ కిందికి దిగాయి.

నీటిలో బతకడమంటే పొదుపుగా బతకడం. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిగల ఒక లీటరు మంచినీటిలో కరిగేది 7.5 మిల్లీగ్రాములే. సున్నా డిగ్రీల వద్ద 14.6. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. మండువేసవి తెల్లవారుజామున చేపలు నోరు తెరుచుకొని పైకి తేలడానికి ఇది ఒక కారణం. ఈ ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతిని 1888లో హంగరీ దేశపు వింక్లర్ కనిపెట్టాడు. మాంగనీసు లవణం, క్షారంతో కూడిన అయోడైడు కలిపితే ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది. దానికి ఆమ్లం చేర్చితే అయోడిన్ విడుదలవుతుంది. ఆ అయోడిన్ ఎంతో తెలిస్తే ఆక్సిజన్ ఎంతో తెలిసినట్లే. కళాశాలలో పిల్లలు గంజి ద్రావణపు నీలిరంగు మాయమయ్యే వరకు చుక్కలు లెక్కపెట్టేది ఇందుకోసమే.

ఇంత కొద్ది ఆక్సిజన్‌తో ఒక్కొక్క ప్రాణి ఒక్కొక్క ఉపాయం పన్నింది. చెరువులలో ఉండే పెద్ద నత్త పైలాకు మొప్పా ఉన్నది, ఊపిరితిత్తి వంటి గదీ ఉన్నది. నీటి అడుగు నుంచే ఒక గొట్టాన్ని పైకి చాచి గాలి పీల్చుకోగలదు. చెరువు ఎండితే మూత బిగించుకొని బురదలో నెలల తరబడి నిద్రిస్తుంది. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన బైనీ ప్రసాద్ 1925లో దీని శరీర నిర్మాణాన్ని సవివరంగా వర్ణించారు. దీని రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుము కాదు, రాగి. ఆ వర్ణకం పేరు హీమోసయనిన్. ఆక్సిజన్ కలిస్తే నీలంగా ఉంటుంది, విడిపోతే రంగు పోతుంది.

సీసా అడుగున ఉన్న ఎర్రని దారాలు మాత్రం మన దారిలో నడిచాయి. వాటిలో ఉన్నది ఇనుముతో కూడిన హీమోగ్లోబినే. ఆక్సిజన్ కరువైన బురదలో బతకడానికి ఆ వర్ణకమే ఆధారం. నీటి ఈగ మరీ చిత్రమైనది. నీటిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు హీమోగ్లోబిన్ ఎక్కువగా తయారుచేసుకొని తానే ఎర్రబడుతుంది.

దోమపిల్ల ఈ పోటీలోకే రాదు. తోకవద్ద ఉన్న గొట్టాన్ని నీటి పైపొరకు తగిలించి నేరుగా గాలి పీలుస్తుంది. అందుకే మురుగులో కూడా బతుకుతుంది. ఆ పైపొరను పట్టి ఉంచేది తలతన్యత. కిరసనాయిలు చల్లితే ఆ పట్టు తప్పి, గొట్టం మూసుకొని పిల్ల చచ్చిపోతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిమి దోమకాటుతో సంక్రమించే మార్గాన్ని నిరూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. మన సికింద్రాబాదుకూ ఈ బెంగాలుకూ ఒక దోమ వేసిన వంతెన అది.

వర్గానికొక పదార్థం

అప్పటికి అమ్మాయి తనకు తానే ఒక పద్ధతి కనిపెట్టింది. ప్రతి వర్గానికీ ఎదురుగా ఒక రసాయన పదార్థం రాసుకోవడం.

మంచినీటి స్పంజికకు సిలికా. దాని ఎముకలనదగిన సూదులు ఇసుకలోనూ గాజులోనూ ఉండే సిలికాతో ఏర్పడతాయి. చెరువులో నానిన వెదురుకర్రకు పట్టిన బెరడులాగా ఉండి, చాలామంది దానిని నాచే అనుకుంటారు. కలకత్తాలో ఉండి ఈ స్పంజికలనూ హైడ్రాలనూ అధ్యయనం చేసి 1911లో గ్రంథం వెలువరించిన నెల్సన్ అనండేల్, 1916లో ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు తొలి సంచాలకుడు.

హైడ్రాకు గ్లూటాథయోన్. హైడ్రా దంశకణాలతో నీటి ఈగను పొడిచినప్పుడు గాయం నుంచి కారే ఈ పదార్థమే దానికి నోరు తెరవమని చెప్పే సంకేతమని 1955లో లూమిస్ కనుగొన్నాడు. ఆ పదార్థాన్ని ఒట్టిగా నీటిలో కలిపినా హైడ్రా నోరు తెరుస్తుంది! జలగకు హిరుడిన్. రక్తం గడ్డకట్టకుండా చేసే ఈ పదార్థపు జాడను 1884లో హేక్రాఫ్ట్ కనిపెట్టాడు. నత్తకు కాల్షియం కార్బొనేటు.

రొయ్యకు కైటిన్. 1811లో బ్రాకొనో దీనిని మొదట పుట్టగొడుగులలో చూశాడు. ఆ కవచం సాగదు గనుక రొయ్య పెరగాలంటే కుబుసం విడవక తప్పదు. కొత్త కవచం గట్టిపడే వరకు దిక్కులేని పక్షి. రొయ్యలు ఉడికితే ఎర్రబడటానికి కారణం కూడా అమ్మాయి తెలుసుకున్నది. అందులోని ఎర్రని ఆస్టాజాంథిన్ పచ్చిగా ఉన్నప్పుడు ఒక ప్రోటీనుతో పెనవేసుకొని నీలిచాయలో దాగి ఉంటుంది. వేడికి ప్రోటీను విరిగిపోతే అసలు రంగు బయటపడుతుంది.

జాబితాలో రెండు గళ్ళు మిగిలాయి. బల్లపరుపు పురుగు సీసాలో దొరకలేదు. అయితే పశువుల కాలేయాన్ని పాడుచేసే జలగ ఈ వర్గానిదేననీ, దాని పిల్లలు కొన్ని నత్తలలో పెరుగుతాయనీ చదువుకున్న తరువాత, సీసాలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలని ఆమె తమ్ముడికి తానే కట్టడి చేసింది.

ఇఖైనోడర్మేటా గడి మాత్రం పూర్తిగా ఖాళీ. ప్రపంచంలోని ఏ మంచినీటి చెరువులోనూ అవి లేవు. ఎందుకు? జవాబు మళ్ళీ రసాయనశాస్త్రంలోనే దొరికింది. నక్షత్ర చేప దేహంలోని ద్రవం లవణసాంద్రతలో ఇంచుమించు సముద్రపు నీటికి సమానం. దానిని మంచినీటిలో వేస్తే ద్రవాభిసరణ వల్ల నీరు లోపలికి చొచ్చుకు వస్తుంది. బయటికి తోడిపోసే అవయవం దానికి లేదు. చెరువులోని అమీబాకు ఆ పని చేసే సంకోచ రిక్తిక ఉన్నది. బల్లపరుపు పురుగుకు జ్వాలాకణాలున్నాయి. ఏ ప్రాణి ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఉప్పూ నీరూ!

నా తప్పు

పరీక్షలకు నాలుగు రోజుల ముందు అమ్మాయి ఒక పాత పుస్తకం పట్టుకొని వచ్చింది. పదిహేనేళ్ళ క్రితం నేను అనువదించిన పిల్లల ప్రకృతి గ్రంథం అది. వేలు పెట్టి ఒక పంక్తి చూపించింది. చెరువు అడుగున ఉండే ‘నెత్తుటి వానపాముల’ గురించి అక్కడ రాసి ఉన్నది.

“బాబాయిగారూ, ఇది వానపాము కాదు గదా. మన సీసాలోవి నిన్న రెక్కలు వచ్చి ఎగిరిపోయాయి.”

వెళ్ళి చూశాను. నీటి మీద పల్చని కుబుసాలు తేలుతున్నాయి. కిటికీ తెరకు దోమల వంటి సన్నని కీటకాలు రెండు వాలి ఉన్నాయి. అవి కైరోనమస్ కీటకాలు, కుట్టవు. మా ఎర్రని దారాలు అనెలిడా కావు, ఆర్థ్రోపోడా. ఇంగ్లీషు పేరులో ‘పురుగు’ అన్న మాట చూసి, వస్తువును చూడకుండా నేను వానపామును చేశాను. పేర్లను నమ్మవద్దని ఆమెకు చెప్పినవాణ్ణి నేనే. పదిహేనేళ్ళలో ఎందరు పిల్లలు ఆ పంక్తిని చదివి నమ్మారో!

సిగ్గుపడ్డాను. ఆ రాత్రే ప్రచురణకర్తకు సవరణ రాసి పంపాను.

పరీక్షలలో అమ్మాయికి గొప్ప మార్కులేమీ రాలేదు. కాని మంచి మార్కులే వచ్చాయి. ఆర్ట్సు మాట మళ్ళీ ఎత్తలేదు. ఫలితాలు వచ్చిన సాయంత్రం మేమిద్దరమూ సీసాలోని నీళ్ళనూ, నత్తలనూ చెరువులో వదిలి వచ్చాము. దూరాన రైలు కూత వినబడింది. ఖాళీ సీసా కడిగి మా ఆవిడకు అప్పగించబోతే అమ్మాయి చేయి చాచింది.

“అది నాకు కావాలి బాబాయిగారూ. వానాకాలంలో మళ్ళీ నింపాలి” అన్నది.